ఙ్ తెలా? బెలావ్‌లో ఆరు రోజులు

మ్యాపులో పలావ్ అని ఉంటుంది. అక్కడివాళ్ళు మాత్రం తమ దేశాన్ని బెలావ్ అంటారు. మనకి పలావ్ అనగానే వంటకం గుర్తొస్తుంది కాబట్టి నేనూ బెలావ్ అనే రాస్తాను. ఫిలిప్పీన్స్‌కి తూర్పున, పసిఫిక్ సముద్రంలో ఉన్న చిన్న దేశం. 2020 జనాభా లెక్కల్లో 17,614 మంది తేలారు. మా తెనాలి జనంలో పదో వంతు ఉంటారేమో.

నా ఉద్యోగం తైపీలో. నన్ను చూడ్డానికి వచ్చిన పిన్నిని తీసుకుని బయల్దేరాను. పిన్ని ముప్ఫయ్యేళ్ళు తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. పూర్తి శాకాహారి, భోజనమయ్యాక తాంబూలం లేకపోతే ఉండలేదు. కొత్త ఊరికి వెళ్తే ముందు అంగడి మాటలు నేర్చుకోవాలన్నది ఆమె పట్టుదల. "ఎంత, ఇవ్వు, చాలు. ఈ మూడూ వస్తే ఎక్కడైనా బతికేస్తామే" అంటుంది. ఈ ఆరు రోజుల్లో మేము ఎక్కువగా తిరిగింది ఆ మాటల చుట్టూనే.

ఫిబ్రవరి 10, కొరోర్

ముందురోజు రాత్రి దిగగానే పాస్‌పోర్టులో ఒక పేజీ నిండా ముద్ర వేశారు. ఈ దేశపు పిల్లలకి మనం ఇచ్చే మాట అది: మీ నేలని, నీళ్ళని పాడు చేయను అని. 2017 డిసెంబరు నుంచి వచ్చినవాళ్ళందరి చేతా సంతకం చేయిస్తున్నారు. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాకే సంతకం పెట్టింది. వెనక క్యూ ఆగింది, ఎవరూ విసుక్కోలేదు.

పొద్దున్నే, ఈ దేశంలోని పెద్ద ఊరు కొరోర్‌లో మేము దిగిన ఇంటావిడ వంటింట్లో పాఠం మొదలైంది. ఆవిడకి యాభై దాటి ఉంటాయి, ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది. పలకరింపుకి "అలీ". పొద్దుటి పలకరింపు "ఉఙిల్ తుతావ్". థాంక్స్ చెప్పడానికి "సులాఙ్". ధర అడగడానికి "ఙ్ తెలా?". ఇంకాస్త నిండుగా అడగాలంటే "ఙ్ తెలా అ ఎరాల్?", అంటే దాని ధర ఎంత అని.

ఇక్కడ పిన్ని ఆగిపోయింది. "ఇంకోసారి చెప్పమనవే. మొదటి అక్షరం ఏమిటది?"

ఙ. క ఖ గ ఘ తర్వాత వచ్చే ఙ. బళ్ళో చార్టు మీద ఉంటుంది, నోటితో చదివిస్తాం, ఆ తర్వాత దానితో పని పడదు. "టీచర్, దీనితో మొదలయ్యే మాట ఒకటి చెప్పండి అని పిల్లలు ఏటా అడిగేవాళ్ళు. ముప్ఫయ్యేళ్ళూ లేదురా అనే చెప్పాను" అంది పిన్ని. ఇంటావిడ నవ్వి, చేపని చూపించి "ఙికెల్" అంది. పిన్ని పెదవులు కదిలించి రెండు మూడుసార్లు అనుకుంది. తర్వాత బ్యాగులోంచి నోటుబుక్కు తీసి, పేజీ పైన పెద్దగా ఙ అని రాసింది.

వాళ్ళు వేగంగా అన్నప్పుడు "ఙ్ తెలా" కాస్తా "న్ తెలా" అని వినిపిస్తుంది. త, ద, స, ల, ర ముందు ఆ ఙకారం నకారంలా మారిపోతుంది. పిన్ని దీన్నీ వెంటనే పట్టేసింది, పక్క అక్షరాన్ని బట్టి ముక్కు అక్షరం మారడం మన సున్నాకి మామూలే కదా అంది. రోమన్ లిపిలో చకారంలా కనిపించేది ఇంకో చిక్కు. ఆ చోట చ అనరు, గొంతు టక్కున మూసి తెరుస్తారు. నేను "ఎరాల్" అని రాస్తున్న మాటకి మొదట్లో అలాంటి నొక్కు ఉంది.

పాఠం అయ్యాక ఉత్సాహంగా పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్ళాం. బొప్పాయి పట్టుకుని కౌంటర్లో అబ్బాయిని పిన్ని అడిగింది: "ఙ్ తెలా?" ఆ అబ్బాయి తెల్లబోయాడు. బంగ్లాదేశ్ నుంచి వచ్చాడట. మా మొహాలు చూసి హిందీలో ధర చెప్పాడు. పక్క కౌంటర్లో అమ్మాయిది ఫిలిప్పీన్స్. ఈ దేశంలో దుకాణాల్లో, హోటళ్ళలో పనిచేసేవాళ్ళు చాలామంది బయటివాళ్ళే. నేర్చుకున్న మాట ఖర్చు పెట్టడానికి చోటు దొరక్క పిన్ని మొహం చిన్నబోయింది. బిల్లు అమెరికన్ డాలర్లలో వస్తుంది, ఇక్కడి డబ్బు అదే. 2023 జనవరి నుంచి 10 శాతం పన్ను కూడా ఉంది. అన్నీ ఓడలో రావాలి కాబట్టి ధరలు మండిపోతున్నాయి. బొప్పాయి, బ్రెడ్డు, పెరుగు, ఒక కట్ట ఆకుకూర కలిపి పంతొమ్మిది డాలర్లు అయింది.

బయటికొచ్చేటప్పుడు ఒక గంపలో పంచదార అద్దిన ఉండలు కనిపించాయి. పేరు "తామ". మైదాపిండితో వేయించినవి, మన తీపి బోండా అనుకోండి. రెండు డాలర్లకి ఒక పొట్లం. తామ అంటే జపాను భాషలో బంతి, ఉండ. 1914 నుంచి 1944 దాకా జపాను పాలన ఉండటంతో అంగడి మాటల్లో, ఇంటి మాటల్లో జపాను భాష బాగా కలిసిపోయింది: కాఫీకి "కొహీ", పెట్టె భోజనానికి "బెంతో", కరెంటుకి "దెంకి", కారుకి "సిదోసియా". కొట్టుకి మాత్రం ఇంగ్లీషు స్టోర్‌ని "స్తోఆఙ్" చేసుకున్నారు. చివరన మళ్ళీ ఙ.

ఫిబ్రవరి 11, వక్కల కొట్టు

రోడ్డు పక్కన రేకుల చూరు కింద ఒక బల్ల, దాని వెనక తెల్లజుట్టు పెద్దావిడ. బల్ల మీద ప్లాస్టిక్ సంచుల్లో పచ్చి వక్కలు, ఆకులు, సీసాల్లో సున్నం. పిన్ని నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

వక్కని "బూఉ" అంటారు, చివర గొంతు నొక్కు. ఆకు "కెబుయ్". సున్నం "అవుస్", దీనికి మొదట్లో నొక్కు. మన దగ్గర ఎండిన వక్క, తడి సున్నం, మెత్తటి తమలపాకు. ఇక్కడ లేత వక్కని పై తొక్కతో సహా నిలువునా రెండుగా చీల్చి, లోపల సున్నం చల్లి, ఆకు చుట్టి నోట్లో వేసుకుంటారు. చాలామంది సిగరెట్ ముక్క కూడా తుంచి పెడతారు. పిన్ని దానికి తల అడ్డంగా ఊపింది.

ఇక్కడ మాట పనికొచ్చింది. "అలీ. ఙ్ తెలా?" అంది పిన్ని. పెద్దావిడ తల ఎత్తి చూసి, మొహమంతా విప్పారి, ఐదు వేళ్ళూ చూపించి ఏదో అంది. ఆ వాక్యంలో "క్లుక్" అన్న మాట వినిపించింది. డాలరుకి వాళ్ళ మాట అది. అదే మాట ఇంకోచోట ఎదురవుతుందని అప్పటికి తెలియదు.

తప్పు నేను చేశాను. అలవాటు కొద్దీ నాలుగు వేళ్ళు చూపించాను. పెద్దావిడ మొహంలో నవ్వు ఆగిపోయింది. కోపం కాదు. ఏదో అర్థం కానట్టు, కొంచెం నొచ్చుకున్నట్టు నా వైపు చూసింది. పిన్ని గబగబా ఐదు డాలర్ల నోటు రెండు చేతులతో అందించింది. సాయంత్రం ఇంటావిడ చెప్పింది: ఇక్కడ బేరమాడరు. చెప్పిన ధర నచ్చకపోతే "సులాఙ్" అని పక్కకి జరగడమే. టిప్పు ఇచ్చే అలవాటు కూడా వాళ్ళది కాదు. నాకు ఆ రాత్రంతా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

ఖరీదెక్కువ అనాలంటే వాళ్ళు "మెరిఙెల్ అ ఎరాల్" అంటారు. మెరిఙెల్ అంటే నొప్పి పుట్టేది, కష్టమైనది. దాని ధర నొప్పిగా ఉంది అని. చవక అనాలంటే "బెఓత్ అ ఎరాల్", దాని ధర తేలికగా ఉంది అని. అమ్మేవాడి ముఖం మీద అనే మాటలు కావు ఇవి, ఇంటికెళ్ళాక చెప్పుకునే మాటలని ఇంటావిడ అంది. "మనం గుండె గుభేల్మంది అంటాం చూడు, అదే" అని పిన్ని నోటుబుక్కులో రాసుకుంది.

కొట్టు దగ్గరికి మళ్ళీ వస్తాను. డబ్బు తీసుకున్న పెద్దావిడ పిన్నిని పక్క కుర్చీలో కూర్చోమంది. తనే ఒక వక్క చీల్చింది. చీలిక లోపల తెల్లగా, జిగురుగా మెరుస్తోంది. సున్నం సీసా ఎత్తి వేలితో నెమ్మదిగా కొడుతోంటే పొడి పొరలుగా రాలుతోంది. ఎంతవరకు వేయాలో పిన్ని చెప్పాలి. "మెర్కోఙ్!" అంది పిన్ని. చాలు అని. పొద్దున ఇంటావిడ దగ్గర అడిగి మరీ నేర్చుకున్న మూడో మాట. పెద్దావిడ ఒక్క క్షణం ఆగి, చేత్తో తొడ చరుచుకుని నవ్వింది. వెళ్ళేటప్పుడు మా సంచిలో ఇంకో మూడు వక్కలు వేసింది. బేరం లేదు గానీ కొసరు ఉంది.

ఆవిడ పిన్నిని "మెఆస్" అని పిలిచింది. మెఆస్ అంటే పెద్ద వయసు స్త్రీ. మన దగ్గర ముఖాన్నే ముసలావిడా అంటే ఊరుకుంటారా? అక్కడ అది గౌరవం. పెద్దమనిషిని "రుబక్" అంటారు. అక్కడ వంశం తల్లి వైపు నుంచి లెక్క, ఇంటి పెద్ద ఆడవాళ్ళే నాయకుడెవరో నిర్ణయిస్తారు. ఆ రోజు నుంచి పిన్నిని నేనూ మెఆస్ అనే పిలిచాను. కాదనలేదు.

ఫిబ్రవరి 12, బాబెల్దావోబ్

కారు అద్దెకి తీసుకున్నాం, రోజుకి యాభై ఐదు డాలర్లు. రోడ్డుకి కుడివైపు నడపాలి, కారు మాత్రం జపాను నుంచి వచ్చింది కాబట్టి స్టీరింగ్ కూడా కుడివైపే. మొదటి గంట చాలా టెన్షన్ పడ్డాను. కొరోర్ నుంచి బాబెల్దావోబ్ అనే పెద్ద దీవికి వంతెన దాటాలి. పాత వంతెన 1996 సెప్టెంబరులో కూలిపోయింది, ఇప్పుడున్నది జపాను సాయంతో కట్టి 2002లో తెరిచారు.

ఐరాయ్‌లో పాత సభామందిరం చూద్దామని బయల్దేరాం. దాన్ని "బయ్" అంటారు. ముందువైపు త్రికోణపు గోడ నిండా బొమ్మలు, కథలు వేసి ఉంటాయి. ఒక మలుపు ముందే తిరిగేశాను. తారు రోడ్డు పోయింది, గులకరాళ్ళు పోయాయి, చివరికి ఎర్రమట్టి మీద ఒక ఇంటి ముందు ఆగాం. లుంగీ లాంటిది కట్టుకున్న పెద్దాయన బయటికొచ్చి అడిగాడు: "కె మొ ఎర్ కెర్?"

ఎక్కడికి వెళ్తున్నావు అని. అది నిలదీయడం కాదు, పలకరింపు. మన ఇళ్ళలో బయల్దేరేవాళ్ళని ఎక్కడికి అని అడగకూడదు, ఎందాకా అనాలి. పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టి తెలుగులోనే "ఎందాకా లేదండీ, దారి తప్పాం" అంది. ఆయనకి అర్థమైందో లేదో, తల ఊపాడు.

దాహంగా ఉంది. నేను కాగితం చూసుకుని "ఙ్ ఙార్ ఎర్ కెర్ అ స్తోఆఙ్?" అన్నాను. కొట్టు ఎక్కడ ఉంది అని. ఆయన తలుపు వైపు తిరిగి లోపలున్న భార్యకి "అకి మొ ఎర్ అ స్తోఆఙ్" అని కేకేశాడు. వెంటనే మా వైపు తిరిగి "కెదె మొ ఎర్ అ స్తోఆఙ్" అన్నాడు. కారు వెనక సీటులో వచ్చి కూర్చున్నాడు.

ఒకే వాక్యం, ముందు మాట మారింది. ఎందుకు? ఆయన కూతురు కూడా మాతో వచ్చింది, హైస్కూల్లో చదువుతోంది. ఆ పిల్లని అడిగాను. "అమ్మ రావట్లేదు కదా, అందుకని అమ్మతో అకి. మీరు వస్తున్నారు, అందుకని మీతో కెదె" అంది. ఇంగ్లీషులో రెండూ ఒకటే అయిపోతాయి, అందుకే వివరించడానికి ఆ పిల్ల తంటాలు పడుతోంది. పిన్ని చప్పట్లు కొట్టింది. "మేము, మనం! అకి మేము, కెదె మనం!" ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి చెప్పిన పాఠం ఈ ఎర్రమట్టి రోడ్డు మీద ఎదురొచ్చింది. ఇంగ్లీషు చెప్పలేని సంగతి, హిందీకి కూడా రాని సంగతి, మాకు ఒక్క ముక్కలో అందింది. ఆ పిల్లకి తెలుగులో రెండూ చెప్పించాం. "మనం" చక్కగా అంది.

కొట్టు అంటే ఒక ఇంటి ముందు గది. కొబ్బరి బొండాం రెండు డాలర్లు. బల్ల మీద ఉడికించిన దుంపలు, అరటి ఆకులో చుట్టి ఉన్నాయి. "కుకావ్", అంటే మన చేమదుంపే, కాకపోతే అరచేయంత లావు, లేత ఊదా రంగు. పక్కనే "దిఓకాఙ్", కర్రపెండలం. సామర్లకోట వైపు తోటలకి తోటలే చూశాం కాబట్టి పిన్నికి అది చుట్టం కనిపించినట్టే అయింది. కుకావ్ ముక్క మీద పచ్చి కొబ్బరి కోరు వేసుకుని తిన్నాం. ఉప్పు ఉండదు. మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది, మూడో ముద్దకి కమ్మదనం తెలుస్తుంది.

కావాలా అని అడగడానికి "ఙ్ సోఆమ్?" అంటారు. కావాలి అనడానికి "ఙ్ సోఆక్". దీన్నీ ఆ పిల్లే విడమరిచింది: నీ ఇష్టమా, నా ఇష్టం అని. ఇష్టపడే మనిషి వాక్యానికి కర్తగా నిలబడడు, ఇష్టమే ముందుకొస్తుంది. మనం నాకు కావాలి అంటాం గానీ నేను కావాలి అనం కదా. డబ్బు "ఉదోఉద్", నా డబ్బు "ఉదుదెక్". కొనడం "ఒమెఆర్". అమ్మడం "ఒతెరుర్".

దుంపలు ఎక్కడ పండుతాయో చూపిస్తామని వెనక్కి తీసుకెళ్ళారు. బురద మడులు, వరిమడిలాగే గట్లు, మోకాలి లోతు నీళ్ళు. "మెసెయ్" అంటారు. ఆడవాళ్ళే సాగు చేస్తారు. వాళ్ళకో సామెత ఉంది: "అ మెసెయ్ అ దెలాల్ అ తెలిద్". చేమమడి మన ఊపిరికి తల్లి. ఈ సామెతలో ఉన్నది కూడా మన ఊపిరే, మా ఊపిరి కాదు. ఇంతసేపూ పాఠం చెప్పిన పిల్ల ఇది చెప్పేటప్పుడు నాన్న వైపు చూసింది. ఆయన గట్టు మీద కలుపు పీకుతున్నాడు.

బొండాలకీ దుంపలకీ కలిపి తొమ్మిది డాలర్లు. దారి చూపించినందుకు పదో డాలరు ఇవ్వబోతే పెద్దాయన చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నాడు. "దియాక్" అన్నాడు. వద్దు, లేదు, కాదు, మూడింటికీ అదే. బయ్ చూసుకుని, మెలెకెఒక్‌లో 2006 నుంచి రాజధాని అయిన ఙెరుల్ముద్ దాకా వెళ్ళాం. గడ్డి కొండ మీద అమెరికా పార్లమెంటును పోలిన తెల్లటి భవనం, చుట్టూ గాలి, మనుషులు లేరు. పిన్నికి పేరు మాత్రం నచ్చింది. ఙ జాబితాలో మూడోది.

ఫిబ్రవరి 13, మ్యూజియం

కొరోర్‌లోని బెలావ్ నేషనల్ మ్యూజియం 1955లో మొదలైంది. అక్కడ ఒక గాజు పెట్టె ముందు గంటసేపు నిలబడ్డాం. లోపల పూసలు. పసుపు, నారింజ, ఆకుపచ్చ, కొన్ని మట్టివి, కొన్ని గాజువి. అవే ఈ నేల మీద అసలు ఉదోఉద్. ఎప్పుడో సముద్రం మీద బయటినుంచి వచ్చాయి, ఇక్కడ తయారైనవి కావు. వాటిలో రకరకాల పేర్లున్నాయి, అందులో ఒక రకం క్లుక్. వక్కల కొట్టు పెద్దావిడ డాలరుని పిలిచిన పేరు ఈ పూసది.

ఈ పూసలు ఇప్పటికీ చెల్లుతాయి. కొట్లో కాదు, కుటుంబాల మధ్య. పెళ్ళిళ్ళకి, చావులకి, తొలి కాన్పు వేడుకకి చేతులు మారతాయి. శుభకార్యానికి ఆడవాళ్ళు మెడలో వేసుకుంటారు. ఆడవాళ్ళకి ఇంకో రకం సంపద కూడా ఉంది, "తోలుక్", తాబేటి చిప్పని వేడిచేసి వంచిన పళ్ళెం. చూడ్డానికి ఎంత ముద్దొచ్చినా తాబేటి చిప్ప వస్తువులు దేశం దాటించకూడదు.

ఇంటికొచ్చాక ఇంటావిడ "ఓఎరావోల్" గురించి చెప్పింది. ఎవరైనా ఇల్లు కట్టుకున్నా, కొన్నా బంధువులంతా ఒకరోజు చేరి డబ్బు వేస్తారు. ముఖ్యంగా అక్కచెల్లెళ్ళు, వాళ్ళ భర్తలు. ఎవరెంత ఇచ్చారో రాసుకుంటారు. వియ్యంకుల లెక్కలో మగవాడి వైపు నుంచి డబ్బు, ఆడపిల్ల వైపు నుంచి తిండి, చాకిరీ రావాలి. పిన్ని ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. "చదివింపులు! మా పెళ్ళి చదివింపుల పుస్తకం ఇప్పటికీ పెట్టెలో ఉంది." ఎవరికి ఎంత పెట్టాలన్న బరువు, పెట్టలేకపోతే సిగ్గు, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నెల జీతంలో ఎంత భాగం ఇలాంటివాటికి పోతుందో ఇంటావిడ చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను. ఈ ఆచారాలన్నిటికీ వాళ్ళు వాడే మాట "సియుకాఙ్", అది కూడా జపాను నుంచి వచ్చిందే.

ఆ రాత్రి భోజనం ఇంట్లోనే. తిండిని వాళ్ళు రెండుగా చూస్తారు: కడుపు నింపే దుంప "ఒఙ్రావోల్", దానితో నంచుకునే చేపో మాంసమో "ఒదోయిమ్". మనకి అన్నం, ఆదరువు ఉన్నట్టే. పిన్ని కోసం ఇంటావిడ పీత వేయకుండా "దెమోక్" చేసింది. చేమాకు ఉడికించి కొబ్బరిపాలు పోసిన చిక్కటి పులుసు లాంటిది, పులుపు మాత్రం లేదు. "ఙ్ దియాక్ అ ఙికెల్?" అని పిన్ని అడిగింది, చేప లేదు కదా అని. ఙ రెండుసార్లు వచ్చిన వాక్యం, తడబడకుండా అంది.

ఫిబ్రవరి 14, దీవులు, తర్వాత హోటలు

పగలంతా పడవ మీద రాతి దీవుల మధ్య తిరిగాం. 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన చోటు. పర్మిట్ మనిషికి యాభై డాలర్లు, జెల్లీఫిష్ చెరువు కూడా కావాలంటే వంద. పడవ ఖర్చు వేరే. 2020 నుంచి పగడాలకి హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్ ఇక్కడ నిషేధం, పడవవాళ్ళు డబ్బా తీసి చూస్తారు. నీళ్ళ రంగు గురించి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు.

రాత్రి ఒక చిన్న హోటల్‌కి వెళ్ళాం. గుమ్మంలో నిలబడ్డావిడ బెలావ్ మనిషే. మమ్మల్ని చూసి రెండు వేళ్ళు చూపించి "తెరుఙ్?" అంది. నాకు అర్థం కాలేదు. రెండు అంటే ఎరుఙ్ అని కదా నేర్చుకున్నాం. టాఙ్, ఎరుఙ్, ఎదెయ్, ఎవాఙ్ అని పదిదాకా పిన్ని వల్లె వేసింది కూడా.

పిన్నికి వెలిగింది. "ఊరికే లెక్కపెడితే ఎరుఙ్. మనుషులకి తెరుఙ్. రెండు, ఇద్దరు!" మూడు ఎదెయ్ అయితే ముగ్గురు తెదెయ్. ఆ హోటలావిడని కూర్చోబెట్టి ఇంకా రాబట్టాం. ఒకప్పుడు అరటి గెలలకి వేరే లెక్క, పొడవైన వస్తువులకి వేరే, తెప్పలకి కూడా వేరే అంకెలు ఉండేవట. కొన్ని ఇప్పుడు వాడుకలో లేవు. డబ్బు లెక్క ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తోందని ఆవిడ అంది. పిన్ని కాసేపు మాట్లాడలేదు. మామిడికాయలు పుంజీల్లో లెక్కపెట్టడం, అరటిపళ్ళు అత్తంలెక్కన కొనడం మన పిల్లలకీ పోతోంది కదా. తర్వాత చేత్తో మా ఇద్దరినీ చూపించి, ఇంకొంచెం గట్టిగా, "తెరుఙ్" అని చెప్పింది. మమ్మల్ని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఫిబ్రవరి 15, చివరి కొనుగోళ్ళు

కొరోర్ జైల్లో ఖైదీలు చెక్కిన చెక్క పలకలు అమ్ముతారు. "ఇతాబోరి" అంటారు. బయ్ గోడల మీద బొమ్మల కథల్ని చిన్న పలకల మీదికి తెచ్చే పద్ధతి 1929లో వచ్చిన జపాను కళాకారుడు హిజికాతా నేర్పించింది. ఒక్కో పలక ఒక్కో కథ.

పిన్ని ఎంచుకున్నది రొట్టెపండు చెట్టు పలక. ఒక ముసలావిడ ఇంటి ముందు చెట్టు, దాని బోలు కొమ్మలోంచి అలతో పాటు చేపలు పడుతుంటాయి. ఇరుగుపొరుగు ఓర్వలేక చెట్టు నరికేస్తారు, ఆ బోదెలోంచి సముద్రం పొంగి దీవి మొత్తం మునిగిపోతుంది. కొమ్మ చివర చేప నోరు తెరిచి ఉంది, పొలుసులు ఒక్కొక్కటీ గోటితో గీసినట్టు చెక్కాడు. ఆ దీవి పేరు ఏమిటని అడిగితే "ఙిబ్తాల్" అన్నాడు అమ్మే అతను. పిన్ని నా వైపు చూసింది. ఇక వేరే పలక చూడనక్కర్లేదని తెలిసిపోయింది.

"ఙ్ తెలా అ ఎరాల్?"

నూట ముప్ఫై డాలర్లు. నాకు మెరిఙెల్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను. పిన్ని తన పర్సులోంచే తీసి లెక్కపెట్టింది, నన్ను ఇవ్వనివ్వలేదు. అతను పలకని పాత పేపర్లలో చుడుతూ చెక్కిన మనిషి గదిలో ఉన్నాడని లోపలివైపు చూపించాడు. పిన్ని ఆ వైపు తిరిగి "కె క్మాల్ మెసులాఙ్" అంది, చాలా థాంక్స్ అని. లోపలికి వినిపించిందో లేదో.

విమానం రాత్రికి. సాయంత్రం చివరిసారి వక్కల కొట్టుకి వెళ్ళాం. వక్కలు దేశం దాటించలేం కాబట్టి అక్కడే కూర్చుని వేసుకుంది పిన్ని. మొదటిసారి వచ్చినప్పుడు నేను చేసిన తప్పు నాకు ఇంకా మనసులోనే ఉంది. ఐదు డాలర్లు రెండు చేతులతో పెద్దావిడకి ఇచ్చాను. ఆవిడ నోటు తీసుకుని నా బుగ్గ తట్టింది.

అప్పుడు పిన్ని తన బ్యాగులోంచి తెనాలి వక్కపొడి పొట్లం తీసింది, సోంపూ ఎండుకొబ్బరీ కలిపినది. చిటికెడు పెద్దావిడ అరచేతిలో పోసింది. ఆవిడ వాసన చూసి, నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. కళ్ళు తెరిచి పొట్లం వైపు వేలు చూపించి అడిగింది:

"ఙ్ తెలా?"

ఆరు రోజుల్లో ఆ ప్రశ్న మమ్మల్ని ఒకరు అడగడం అదే మొదలు. పిన్ని ఒక్క క్షణం తడుముకోలేదు. "బెఓత్ అ ఎరాల్" అని, పొట్లం మొత్తం ఆవిడ చేతిలో పెట్టేసింది. పెద్దావిడ పొట్లం మూతి రెండు మడతలు వేసి, తన బుట్టలో, సున్నం సీసా పక్కన సర్దుకుంది.